మొదటిసారి ఆఫీసు పని మీద జర్మనీకి: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

బాలానగర్_బోల్ట్
నమస్తే అందరికీ. బాలానగర్‌లో వాల్వులు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ చూస్తాను. కస్టమర్‌తో మీటింగులకని స్టుట్‌గార్ట్ పంపుతున్నారు. దేశం దాటడం ఇదే మొదలు, మా ఆఫీసులో వెళ్లొచ్చినవాళ్లూ లేరు. వీసా వచ్చేసింది. శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ డైరెక్ట్ ఫ్లైట్, అక్కణ్ణుంచి రైలు. ఆదివారం దిగుతాను. ఏమేం చూసుకోవాలి?

శంషాబాద్_షటిల్
ఆదివారమా! అక్కడ ఆ రోజు సూపర్ మార్కెట్లు మూసేస్తారు తమ్ముడూ. ఎయిర్‌పోర్టులో, పెద్ద స్టేషన్లలో ఉన్న షాపులే దిక్కు, దిగగానే కావలసినవి అక్కడే కొనుక్కో. స్టుట్‌గార్ట్ రైలు ఎయిర్‌పోర్టు స్టేషన్ నుంచే దొరుకుతుంది. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, ఫ్లైట్ లేటయితే డబ్బులు పోయినట్టే. ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్టే తీయమని ఆఫీసులో గట్టిగా అడుగు.

మణికొండ_అక్క
అన్నిటికన్నా ముందు ఇమిగ్రేషన్ సంగతి. "ఎందుకొచ్చావు" అని అడిగితే చాలామంది టెన్షన్‌లో "ఫర్ వర్క్" అనేస్తారు. నీది బిజినెస్ వీసా బాబూ, అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చేది కాదు. "ఫలానా కంపెనీలో మీటింగులు, ఫలానా రోజు తిరుగు ప్రయాణం" అని చెప్పి ఊరుకో. అడగనిది చెప్పకు. ఇన్విటేషన్ లెటర్, హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్, ఇన్సూరెన్స్ (30,000 యూరోలకు తగ్గకుండా ఉండాలి) ప్రింట్లు తీసి చేతి బ్యాగులో పెట్టుకో. ఫోన్‌లో ఉన్నాయిలే అనుకోకు, క్యూలో ఉండగానే చార్జింగ్ అయిపోవచ్చు.

ఇంకోటి. మీటింగు వేరు, వాళ్ల ప్లాంటులో స్పానర్ పట్టుకుని పనిచేయడం వేరు. అలాంటిదేమైనా ఉంటే ఈ వీసా మీద కుదురుతుందా లేదా అని మీ హెచ్‌ఆర్ ఇప్పుడే కనుక్కోవాలి. అక్కడికెళ్లాక మేనేజర్ ఫోన్ చేసి "కాస్త చూసి పెట్టు" అంటే ఇరుక్కునేది నువ్వే.

ఆవకాయ_బ్యాచ్
తిండి గురించి ఎవరూ మాట్లాడరేంటి? శాకాహారివైతే ఫ్లైట్‌లో "హిందూ మీల్" పెట్టుకోకు, అందులో చికెనో చేపో ఉండొచ్చు. "ఏషియన్ వెజిటేరియన్" అని ఉంటుంది, అది ఎంచుకో, కనీసం ఒక రోజు ముందే. ఆవకాయ పెద్ద బ్యాగులో వేసెయ్.

మణికొండ_అక్క
ఆవకాయ సరే, నెయ్యి డబ్బా, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా అంతే. ఎండుకొబ్బరైతే మన దగ్గరే చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు, నూనె ఎక్కువ కాబట్టి అంటుకుంటుందని. పవర్ బ్యాంక్ తప్పనిసరిగా చేతి బ్యాగులోనే.

ఆవకాయ_బ్యాచ్
పొడులు పెట్టుకోవచ్చుగా, బతికిపోయాం.

ప్యారడైజ్_సర్కిల్
ఫారెక్స్ కార్డులో యూరోలు వేయించుకోండి, కొంత నోట్లుగానూ ఉంచుకోండి, చిన్న కొట్లలో అన్నిచోట్లా కార్డు నడవదు. మెషీన్ "రూపాయలా, యూరోలా" అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే రేటు వాళ్లిష్టం. లాప్‌టాప్ చార్జర్‌కు మన మూడు పిన్నుల ప్లగ్గయితే అక్కడ పట్టదు. సికింద్రాబాద్ సీటీసీలో అడాప్టర్ కొనేయండి.

పాత_కాపు
మీటింగు గురించి ఒక మాట. మనం "సరే సార్, ట్రై చేస్తాం" అని తలూపుతాం. వాళ్లు దాన్ని ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. తర్వాత తేదీ తప్పితే మొత్తం కంపెనీ మీదే నమ్మకం పోతుంది. కుదరనిది అక్కడే కుదరదనండి, వాళ్లేమీ అనుకోరు. తెలియకపోతే "కనుక్కుని బుధవారంలోగా మెయిల్ చేస్తాను" అనండి, చేయండి. 10 గంటలంటే అయిదు నిమిషాల ముందే కూర్చుని ఉండాలి. ఆ సాయంత్రమే ఏమేం అనుకున్నామో వాళ్లకు మెయిల్ పెడితే మంచిది. మన టైముకు వాళ్లు ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. ఇక్కడి టీమ్‌కు ఫోన్ చేయాలంటే లంచ్ లోపే చేయండి.

బాలానగర్_బోల్ట్
అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. ఇంకొక్కటి. రెండు శాంపిల్ వాల్వులు నా బ్యాగులోనే తీసుకెళ్లమంటున్నారు. ఫర్వాలేదా?

పాత_కాపు
అది కంపెనీ సరుకు, సొంత సామానుకిచ్చే కస్టమ్స్ సుంకం మినహాయింపు దానికి వర్తించదు. ఇన్వాయిస్ పట్టుకుని అక్కడి ఎయిర్‌పోర్టులో రెడ్ చానెల్‌లోకి (కస్టమ్స్‌కు సరుకు చూపించే దారి) వెళ్లి చెప్పాలి. అంతకన్నా కొరియర్‌లో ముందే పంపించేయమనండి. బ్యాగులో బరువూ తగ్గుతుంది.

ఆవకాయ_బ్యాచ్
ఆ చోటులో ఇంకో సీసా పడుతుంది.