ఒంటి గొంతును సాగదీసి యాంబియంట్ చేస్తే మిగిలేది ఆ పాటేనా?

నూలుపోగు:
పోయిన సంక్రాంతికి మా అమ్మమ్మ పాడిన ఉయ్యాల పాటని ఫోన్‌లో రికార్డు చేశాను. వసారాలో కూర్చుని పాడింది. తాళం లేదు, శ్రుతిపెట్టె లేదు, నెత్తిమీద ఫ్యాను చప్పుడొక్కటే తోడు. నిడివి 2 నిమిషాల 10 సెకన్లు. దాన్ని ఆడాసిటీ అనే ధ్వని దిద్దే సాఫ్ట్‌వేర్‌లో, పాల్‌స్ట్రెచ్ అనే సాగదీసే పనిముట్టుతో 8 రెట్లు సాగదీసి, రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) బాగా కలిపాను. 17 నిమిషాల 20 సెకన్ల యాంబియంట్ ముక్క వచ్చింది, అంటే తాళం లేకుండా మంచులా చుట్టూ పరుచుకునే సంగీతం. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో వింటే నాకైతే గుండె నిండిపోతోంది. మా పెద్దమ్మ కూతురు విని ఒకటే మాట అడిగింది: "బానే ఉంది గానీ, ఇందులో అమ్మమ్మ ఏదిరా?" నాలుగు రోజులుగా ఆ మాటే తొలుస్తోంది. నేను చేసింది పాటని పెంచడమా, చెరపడమా? మొహమాటపడకుండా చెప్పండి.

మిక్సింగ్‌బల్ల:
పెంచడమే. 0.8 వేగానికి నెమ్మది చేసి రివర్బ్ కలిపి వదిలే సినిమా పాటలతో దీన్ని కలపకండి. అక్కడ వేగంతో పాటు శ్రుతి కూడా దాదాపు నాలుగు స్వరస్థానాలు దిగిపోతుంది, ఆడ గొంతు మగ గొంతులా బరువెక్కుతుంది. పాల్‌స్ట్రెచ్‌లో శ్రుతి కదలదు. ధ్వనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏయే స్వరాలు ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టి, వాటిని కొత్తగా పరుస్తుంది. అంటే మీరు వింటున్న ప్రతి స్వరమూ ఆవిడ గొంతులోంచి వచ్చిందే, బయటి నుంచి ఒక్క స్వరం చేరలేదు. 1978లో ఇంగ్లండు సంగీతకారుడు బ్రయాన్ ఈనో విమానాశ్రయాల కోసమని చేసిన యాంబియంట్ రికార్డులో ఒక భాగమంతా మనుషుల గొంతుల టేపు చుట్టలే, అంటే చివరా మొదలూ అతికించి మళ్లీ మళ్లీ తిప్పే టేపులు. నిడివి కలవని చుట్టలు వాటి మానాన అవి తిరుగుతుంటాయి. ఆ గొంతులకి మాటల్లేవు. ఎవరూ లోటనుకోలేదు.

సన్నజాజి:
మాటలతోనే కట్టిన పాటకీ, మాటలు లేకుండా పాడించుకున్న గొంతుకీ పోలికేమిటండీ? ఉయ్యాల పాటలో మాటే ఊపు.

నేను పదేళ్లు సంగీతం నేర్చుకున్నదాన్ని, అందుకే నాకు గమకం గురించి, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చుతూ పాడటం గురించి దిగులు. పాల్‌స్ట్రెచ్ ధ్వనిని కోసే ఒక్కో ముక్క నిడివి ఆడాసిటీలో మామూలుగా 0.25 సెకన్లు ఉంటుంది. గొంతులో స్వరం ఊగేది సెకనుకి నాలుగైదు సార్లు. అంటే ఒక పూర్తి ఊపు ఒకే ముక్కలో పడిపోతుంది. పైస్వరం, కిందిస్వరం, మధ్యలో జారిన జారు అన్నీ ఒకేసారి మోగుతాయి. గమకమంటే ఒకదాని తర్వాత ఒకటి రావడమే కదా. వీణ మీద తీగ లాగి చూడండి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలికి తెలుస్తుంది. ఆ దారి మొత్తం చెరిపేసి పొగలా పరిస్తే, మిక్సింగ్‌బల్ల గారన్నట్టు స్వరాలన్నీ ఉంటాయి, నిజమే. పాట మాత్రం ఉండదు.

ఇంకోటి. హల్లులు పోతాయి. క, ట, ప లాంటివి క్షణంలో పేలి ఆగిపోయే ధ్వనులు, వాటిని సాగదీస్తే చెదిరిపోతాయి. మిగిలేవి అచ్చులు. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి తెలుగు పాటని సాగదీస్తే వినసొంపుగా వస్తుంది, ఒప్పుకుంటాను. ఆ సొంపుకే మనం మోసపోతున్నామేమో.

మిక్సింగ్‌బల్ల:
గమకం సంగతి మీరు చెప్పింది నిజం, నాకు తట్టలేదు. ముక్క నిడివి 0.05 సెకన్లకి తగ్గిస్తే ఊపు చాలావరకు నిలుస్తుంది, కాకపోతే ధ్వని కాస్త గరగరలాడుతుంది. నూలుపోగు గారూ, ఒకసారి చేసి చూడండి.

గోదారిగట్టు:
మీరందరూ సాగదీయడం ఒక్కటే దారి అన్నట్టు మాట్లాడుతున్నారు. గొంతుని ముట్టుకోకుండా దాని చుట్టూ ఇల్లు కట్టొచ్చు.

1971లో గావిన్ బ్రయర్స్ అనే ఇంగ్లండు స్వరకర్తకి ఒక టేపు దొరికింది. లండన్‌లో ఎలిఫెంట్ అండ్ క్యాజిల్, వాటర్లూ స్టేషన్ చుట్టుపక్కల రోడ్డు మీద బతికేవాళ్ల గురించి ఆయన స్నేహితుడొకరు సినిమా తీస్తూ వాడకుండా వదిలేసిన టేపు అది. అందులో ఇల్లూ వాకిలీ లేని ఒక ముసలాయన ఏసు మీద చిన్న భక్తిపాట పాడాడు. తోడుగా ఏ వాద్యమూ లేదు. ఇంటికెళ్లి చూసుకుంటే ఆ గొంతు తన పియానోతో సరిగ్గా శ్రుతి కలిసింది. బ్రయర్స్ ఆ 13 బార్ల (తాళం ఆవర్తాల) పాటని చుట్టగా తిప్పి, కింద తీగవాద్యాలు మెల్లమెల్లగా చేర్చుకుంటూ పోయాడు. గొంతుని సాగదీయలేదు, వణుకు దిద్దలేదు. ఇంగ్లండులోని లెస్టర్ ఊళ్లో ఆ టేపు కాపీ అవుతుండగా తలుపు తీసి ఉంచి కాఫీకి వెళ్లొచ్చేసరికి, పక్క గదిలో బొమ్మలు వేసుకునే వాళ్లంతా మాటామంతీ లేకుండా మెల్లగా కదులుతున్నారట, ఒకరిద్దరు ఏడుస్తున్నారట. ఇంకా వాద్యాలు కలపకముందే, ఒంటి గొంతుకే!

1975లో ఈనో నడిపిన సంస్థే దాన్ని రికార్డుగా వేసింది. అది విన్నాక మీ ముక్క వినండి. ఆ ముసలాయన ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో నాకిప్పటికీ గుర్తే.

నూలుపోగు:
నిన్న రాత్రి విన్నాను. అమ్మమ్మ కూడా రెండో చరణం మధ్యలో ఊపిరి తీసుకుంటుంది. నా దాంట్లో అది గాలి హోరులా మారి నాలుగైదు సెకన్లు సాగింది. అదేమిటో గుర్తుపట్టింది నేనొక్కణ్ణే.

ప్లీడరుగుమాస్తా:
గోదారిగట్టు గారూ, ఆ ముసలాయన ఆ కూర్పు వినకుండానే పోయాడు. అది కూడా చెప్పాలి కదా. 1999లో అమెరికా సంగీతకారుడు మోబీ ఆల్బంలో మోగిన వేరా హాల్ అనే జానపద గాయని గొంతుదీ అదే కథ. అమెరికాలోని అలబామాలో బట్టలుతికి, వంటలు చేసి బతికిన మనిషి. 1959లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ రికార్డు చేశాడు, 1964లో ఆమె పోయింది. ఆ గొంతు ప్రపంచమంతా విన్నది, అది ఎవరిదో ఎంతమంది అడిగారు?

మన దగ్గర 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 38బి అని ఒక సెక్షన్ వచ్చింది. పాడినవాళ్ల పేరు వెయ్యాలనీ, తమ గానాన్ని పరువు పోయేలా వికృతం చేస్తే అభ్యంతరం చెప్పొచ్చనీ దాని సారం. మీ అమ్మమ్మ కోర్టుకెళ్తుందని కాదు నేననేది. ఆవిడకి వినిపించారా? నాకు ఆ ప్రశ్నే ముందు.

నూలుపోగు:
లేదు. ఆదివారం ఊరెళ్తున్నాను.

సన్నజాజి:
మామూలు హెడ్‌ఫోన్స్ పెట్టకండి, పెద్దవాళ్లకి చిరాకు. చిన్న స్పీకరు పట్టుకెళ్లండి.

నూలుపోగు:
వినిపించాను. మూడు నిమిషాలు కదలకుండా వింది. "వాన పడే ముందు గుయ్యిమన్నట్టుంది. నా మాటలేం చేశావురా?" అంది. అప్పుడు అసలుది వినిపించాను. వెంటనే పాటందుకుంది, రెండు మాటలు నేను తప్పు విన్నానని దిద్దింది కూడా. అవి ఇన్నాళ్లూ నాకు తెలీనే తెలీదు.

ఇప్పుడు చేస్తున్నదిది: ముందు పాట మొత్తం ఉన్నదున్నట్టు, రివర్బ్ కూడా లేకుండా. చివరి మాట ముగిసిన చోట అచ్చుని మాత్రమే పట్టుకుని, 0.05 సెకన్ల ముక్కలతో సాగదీసి, దాని మీద ఆవిడ పాట మళ్లీ మొదటి నుంచి. పేరు వెయ్యమని ఆవిడే చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఫ్యాను చప్పుడు తీసెయ్యాలా అని ఒక్కటే అనుమానం ఉంది.

గోదారిగట్టు:
ఉంచండి. మీకు తంబురా అదే.

మిక్సింగ్‌బల్ల:
తియ్యకండి. కాకపోతే 100 హెర్ట్జ్ దగ్గర, అంటే ఆ చప్పుడులోని బొంగురు కింది భాగంలో, కొంచెం తగ్గించండి, లేకపోతే ఆవిడ కిందిస్వరాలు దాంట్లో మునిగిపోతాయి.