పన్ను పీకితే ఉచితం, నిలబెట్టాలంటే తొమ్మిది వేలా?

కొరిటెపాడు సుజాత:

మా అమ్మకి 61 ఏళ్లు. ఇరవై ఏళ్లకు పైగా గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో కాయలకి తొడిమలు తీసే పని చేసింది. 2019లో ఒక దవడ పన్ను, 2022లో ఇంకోటి పీకించుకుంది. రెండుసార్లూ ప్రభుత్వ ఆసుపత్రిలోనే, పైసా ఖర్చు కాలేదు. అప్పట్లో అదే గొప్ప అనుకున్నాం. ఇప్పుడు కుడివైపు నమలడానికి వీల్లేదు. ఇప్పుడు పాడైన ఎడమవైపు కింది దవడ పన్ను మూడోది. పదిహేను రోజులుగా రాత్రిళ్లు చెంప పట్టుకుని మంచం మీద కూర్చునే ఉంటోంది. మజ్జిగ కాస్త చల్లగా తగిలినా జివ్వుమంటోందట.

పోయిన మంగళవారం సెలవు పెట్టి ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎక్కడో రాయను, ఆ డాక్టరమ్మ మంచిగానే మాట్లాడింది. ఎక్స్‌రే చూసి, "పంటి వేళ్లు గట్టిగానే ఉన్నాయి, రూట్ కెనాల్ చేసి, అంటే లోపల పాడైన నరం తీసి మూసేసి, పైన క్యాప్ వేస్తే పన్ను ఉంటుంది" అంది. మరి చేయండి అంటే, "ఇక్కడ ఆ సామాను లేదమ్మా. బయట చేయించుకోండి, లేదంటే ఇవాళే పీకేస్తాను" అంది. అమ్మ పీకేయమని నోరు తెరిచి కూర్చుంది కూడా. నేనే చేయి పట్టుకుని లేపుకొచ్చేశాను.

బయట రెండు క్లినిక్కుల్లో అడిగాను. ఒకచోట రూట్ కెనాల్‌కి 4,000, క్యాప్‌కి 5,000. ఇంకోచోట మొత్తం 11,500. నా జీతం 18,500, ఇంటద్దె 6,000. ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య కార్డు సంగతులు చూసే ఆరోగ్యమిత్రని అడిగితే, దవడ విరిగితే ఆపరేషన్ కార్డు మీద అవుతుంది గానీ పిప్పి పన్నుకి రూట్ కెనాల్ కాదని చెప్పారు. గుండెకీ కిడ్నీకీ పనికొచ్చే కార్డు పంటికి ఎందుకు పనికిరాదో నాకు అర్థం కావడం లేదు. అమ్మ అన్నం తినేది ఆ పంటితోనే కదా.

తక్కువ ఖర్చులో ఈ పన్ను నిలబెట్టే చోటు మన దగ్గర ఉందా? ఇంకో మాట కూడా తెలుసుకోవాలని ఉంది. ప్రభుత్వ డెంటిస్టుకి పన్ను పీకినా, నిలబెట్టినా జీతం ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్పండి, కోపంతో అడగడం లేదు. నిజానికి కొంచెం కోపం ఉంది.

బ్రాడీపేట డెంటిస్ట్:

సుజాత గారూ, ఒకటేనండి. నేను 14 నెలలు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేశాను. నెల జీతం. రోజుకి పది పళ్లు పీకినా, ఒక్కటి నిలబెట్టినా అదే చెక్కు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా వరుసలో నలభై, యాభై మంది. ఒకే కుర్చీ. పీకడానికి మత్తు ఇంజెక్షన్‌తో కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు. దవడ పన్నుకి రూట్ కెనాల్ అంటే మూడో నాలుగో కాలువలు వెతికి, ఫైళ్లతో, అంటే సూదుల్లాంటి సన్నటి పనిముట్లతో శుభ్రం చేసి, మందుతో కడిగి, గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థం నింపాలి. రెండు మూడు సిట్టింగులు, ఒక్కోటి దాదాపు గంట. ఫైళ్లు అయిపోతే కావాలని పైకి రాసి ఇండెంట్ పెట్టాలి, అవి వచ్చేసరికి నెలలు. ఆ డాక్టరమ్మ అబద్ధం చెప్పి ఉండదు.

పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మామూలుగా డెంటిస్టు పోస్టే ఉండదు. జాతీయ ప్రమాణాల్లో దాని పైదైన సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) స్థాయికి వస్తే గానీ ఒక డెంటల్ సర్జన్ కనిపించరు. కాబట్టి జనం పన్ను పూర్తిగా పాడయ్యాకే మా దగ్గరికి వస్తారు.

ఇప్పుడు ప్రైవేటులో చేస్తున్నాను. క్యాప్ తయారుచేసే ల్యాబ్ బిల్లు తీసేశాక నా వాటా 30 శాతం. నిజం చెబుతున్నాను, ఇక్కడ పీకితే నాకు తక్కువ వస్తుంది, రూట్ కెనాల్, క్యాప్ చేస్తే ఎక్కువ వస్తుంది. అక్కడ నిలబెట్టడానికి దారి లేకపోయింది, ఇక్కడ అవసరం లేని క్యాప్ చెప్పకుండా రోజూ నన్ను నేను పట్టుకోవాల్సి వస్తోంది. రెండూ నాకు నచ్చలేదు.

అమ్మగారికి షుగర్, బీపీ ఉన్నాయా? నొప్పి మాత్రలు రోజుల తరబడి మింగించొద్దు, కిడ్నీలకి మంచిది కాదు. చెంప వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. మీకు విజయవాడ దగ్గర. నేను చదివింది అక్కడే.

లెస్టర్‌లో తెనాలి మనిషి:

ఇంగ్లండులో ఉచితంగా అన్నీ దొరుకుతాయని మనవాళ్లు అనుకుంటారు. పళ్ల విషయంలో ఇక్కడి జనం కూడా మండిపడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లో సెయింట్ పాల్స్ అనే పేటలో ఒక డెంటల్ క్లినిక్ ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పేషెంట్లను తీసుకుంటుందంటే వందల మంది రోడ్డు మీద వరుస కట్టారు, పోలీసులు వచ్చి సర్దాల్సి వచ్చింది.

ఇక్కడ డెంటిస్టులకి 2006 నుంచి యూడీఏ అనే లెక్క ఉంది, చేసిన పనిని యూనిట్లుగా కొలుస్తారు. ఒక పన్నుకి సిమెంట్ పెట్టినా, ఆరు పళ్లకి పెట్టినా, రూట్ కెనాల్ చేసినా మూడు యూనిట్లే. ఇలా చాలా ఏళ్లు నడిచింది. నోరంతా పాడైన పేషెంటు వస్తే డెంటిస్టుకి నష్టం, కాబట్టి అలాంటివాళ్లకే అపాయింట్‌మెంట్ దొరకదు. 2022 నవంబరులో ఈ లెక్క మార్చారు, దవడ పన్ను రూట్ కెనాల్‌కి ఏడు యూనిట్లు చేశారు. ఒప్పుకున్న యూనిట్లలో 96 శాతం కన్నా తక్కువ చేస్తే డబ్బు వెనక్కి కట్టాలి. పేషెంటు కూడా ఊరికే చేయించుకోడు, 2025 ఏప్రిల్‌లో పెట్టిన రేటు ప్రకారం రూట్ కెనాల్ వరకు 75.30 పౌండ్లు, క్యాప్ ఉంటే 326.70 పౌండ్లు ఉండేది. జీతం బదులు లెక్క కట్టి ఇస్తే అంతా బాగుపడుతుందని ఎవరైనా అంటే ఇది గుర్తు చేయండి.

పటమట రమణి:

సుజాతా, విజయవాడ డెంటల్ కాలేజీకి తీసుకెళ్లమ్మా. మా అత్తగారికి పోయిన ఏడాది అక్కడే కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించాం. ముందు ఓపీ చీటీ, తర్వాత ఎక్స్‌రే, అప్పుడు పళ్లు నిలబెట్టే కన్జర్వేటివ్ విభాగానికి పంపిస్తారు. పీజీ పిల్లలు చేస్తారు, ప్రొఫెసర్ వచ్చి చూసి వెళతారు. ఆ పిల్లలకి కేసులు కావాలి కాబట్టి ఓపిగ్గా చేశారు. నాలుగుసార్లు తిరిగాం, ఒకసారైతే పొద్దున వెళ్లి రెండింటికి బయటపడ్డాం. ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే ఆడవాళ్లకి ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం కింద మీ ఇద్దరికీ టికెట్ ఉండదు, ఆధార్ పెట్టుకో. నాన్‌స్టాప్‌కి అది వర్తించదు.

నీ జీతం 21,000 లోపే కదా, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందా? ఉంటే నీ మీద ఆధారపడిన అమ్మ కూడా అందులోకి వస్తుంది, గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో ఒక్కసారి అడుగు.

కొరిటెపాడు సుజాత:

రమణి అక్కా, ఉంది. స్లిప్పులో ప్రతి నెలా 139 రూపాయలు, 0.75 శాతం. ఇన్నేళ్లూ ఆ గీత చూశాను గానీ అమ్మకి పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అది కూడా కనుక్కుంటాను.

డాక్టరు గారూ, షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటోంది. నొప్పి మాత్ర రోజుకి రెండు చొప్పున పది రోజులుగా ఇస్తున్నాను, ఇవాళ్టి నుంచి ఆపేశాను. మీరు జీతం గురించి రాసింది రెండుసార్లు చదివాను. నాకు తోచింది చెప్తాను. జీతమే ఇవ్వండి, కానీ కుర్చీలు రెండు చేయండి, ఫైళ్లు నెల నెలా పంపండి. ఆ ఆసుపత్రి ఎన్ని పళ్లు పీకింది, ఎన్ని నిలబెట్టింది అని గోడ మీద బోర్డు పెట్టండి. నాలుగు ట్రిప్పులంటే నాకు నాలుగు రోజుల జీతం పోతుంది. అయినా వెళ్తాను. కానీ నాతో పనిచేసే ఆడవాళ్లలో చాలామంది ఆ నాలుగు రోజులు వదులుకోలేరు, అందుకే అందరూ పీకించుకుంటారు. తొడిమలు తీసే షెడ్డులో నలభై దాటినవాళ్లని నవ్వమని చూడండి, తెలుస్తుంది.

సోమవారం మొదటి బస్సుకి బయల్దేరుతున్నాం. అక్కా, ఇక్కడ తీసిన ఎక్స్‌రే పట్టుకొస్తే సరిపోతుందా?

పటమట రమణి:

పట్టుకురా, కానీ అక్కడ మళ్లీ తీస్తారు. షుగర్ రిపోర్టు మర్చిపోవద్దు, అదే ముందు అడుగుతారు. అమ్మకి టిఫిన్ పెట్టి, మాత్ర వేయించి తీసుకురా.