"రచయిత ఉద్దేశం ఏమిటి?" అన్న ప్రశ్నను ఎత్తేయాలా? (బడిలో చదివించే వ్యాసాల మీద టీచర్ల చర్చ, మారుపేర్లతో)

నల్లబల్ల: సమాచార వ్యాసం ఏదిచ్చినా చివర్లో ఇదే ప్రశ్న. జవాబుకి మూడే గడులు: సమాచారం ఇవ్వడం, ఒప్పించడం, వినోదం. అంకెలు కనిపిస్తే "సమాచారం", ఆశ్చర్యార్థకం కనిపిస్తే "ఒప్పించడం" అని పిల్లలు వ్యాసం చదవకుండానే టిక్కు పెట్టేస్తున్నారు. మార్కులు మాత్రం ఫుల్లు. ఈ ప్రశ్నే తీసెయ్యాలంటాను.

చిన్నతరగతి: తీసేసి ఏం అడుగుతారో ముందు అది చెప్పండి. ఎనిమిదేళ్ల పిల్లలకి అచ్చులో ఉన్నదల్లా నిజమే. దాన్ని ఎవరో ఒక మనిషి రాశాడు, ఏదో ఆశించి రాశాడు అన్న ఊహే రాదు. అది కలిగించడానికి ఆ మూడు గడులు చాలు. పై తరగతుల్లోనూ అక్కడే ఆగిపోతే ఆ తప్పు మనదండీ, గడులది కాదు.

పక్కపేజీ: మనది సరే, గడులదీ ఉంది. ఎలక్ట్రిక్ కారు గురించి దాన్ని అమ్మే కంపెనీయే ఒక వ్యాసం రాయించిందనుకోండి. ప్రతి వాక్యమూ నిజమే. పొగ రాదు, చప్పుడు తక్కువ. ఒకసారి చార్జ్ చేస్తే ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందో రెండుసార్లు చెప్పారు. చార్జింగ్‌కి ఎంతసేపు పడుతుందో ఒక్కసారీ చెప్పలేదు. ఇది ఏ గడిలోకి వెళ్తుంది? సమాచారం ఇస్తూనే ఒప్పిస్తోంది కదా! నేనైతే "ఇందులో ఏం చెప్పలేదు, చెప్పకపోతే ఎవరికి లాభం?" అని అడుగుతాను.

అడ్డుప్రశ్న: బాగుంది. కానీ చార్జింగ్ సంగతి రాయలేదని పట్టుకోవాలంటే, అలాంటిదొకటి ఉందని ముందే తెలియాలిగా? 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు పిల్లలకు బేస్‌బాల్ ఆట వర్ణన ఇచ్చి చదివించారు. చదవడంలో దిట్టలై ఆట తెలియని వాళ్లకన్నా, చదవడంలో వెనకబడ్డా ఆట తెలిసినవాళ్లే మెరుగ్గా చెప్పగలిగారు. కాబట్టి ముందు విషయం నేర్పాలి. ఉత్త "విశ్లేషణ నైపుణ్యం" అని విడిగా ఒకటి ఉంటుందని నేను నమ్మను.

పక్కపేజీ: ప్రపంచంలోని విషయాలన్నీ ముందే నేర్పడం ఎవరి తరం? అదే విషయం మీద ఇంకొకరు రాసిన వ్యాసం పక్కన పెట్టండి చాలు, లేనిదేమిటో అదే బయటపడుతుంది. పైగా కొన్నిసార్లు విషయజ్ఞానం అక్కర్లేదు, రాసిందెవరో చూసే అలవాటుంటే సరిపోతుంది. 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికాలో చూసిందేమిటి? "స్పాన్సర్డ్ కంటెంట్" (అంటే డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన) అని స్పష్టంగా రాసి ఉన్నా, మిడిల్ స్కూల్ పిల్లల్లో 80 శాతం పైగా దాన్ని నిజమైన వార్తే అనుకున్నారు. ఆ మూడు గడులిస్తే వాళ్లు ఎక్కడ టిక్కు పెట్టేవారో వేరే చెప్పాలా?

అడ్డుప్రశ్న: జంట వ్యాసాల వరకూ ఒప్పుకుంటాను. రెండో వ్యాసం కూడా విషయాన్నే నేర్పుతోంది మరి, గమనించారో లేదో.

నల్లబల్ల: అంతా బాగానే ఉంది, పరీక్షలో మార్కులెలా వేస్తారు? "ఏం చెప్పలేదు" అంటే ఒక్కొక్కరు ఒక్కోటి రాస్తారు.

పక్కపేజీ: రాయనివ్వండి. ఉద్దేశం పేరు చెబితే ఒక మార్కు, దానికి ఆధారంగా వ్యాసంలోంచి వాక్యం చూపించి ఎందుకో రాస్తే మూడు. మొదటి వ్యాసంలో ఫలానాది చెప్పలేదని రాస్తే రెండో వ్యాసంలో అది ఎక్కడుందో చూపించాలి. నోటికొచ్చింది రాసినవాడికి సున్నా.

చిన్నతరగతి: పేపర్లు దిద్దేది మీరైతే నాకేం అభ్యంతరం లేదు. మా చిన్న తరగతులకి మాత్రం గడులు ఉంచండి, కాకపోతే రెండు గడుల్లో టిక్కు పెట్టినా తప్పు కాదని పైన రాయిస్తాను.