ఫొటోగ్రాఫర్ పెళ్లి ఫొటోల రా ఫైళ్లు ఇవ్వనంటున్నాడు, ఇది మామూలేనా?

కృష్ణాతీరం:
ఫిబ్రవరిలో మా చెల్లి పెళ్లయింది. ఫొటోలూ వీడియో కలిపి 1,20,000కి మాట్లాడుకుని మొత్తం కట్టేశాం. ఇప్పుడేమో పెన్‌డ్రైవ్‌లో జేపెగ్‌లు (ఎక్కడైనా తెరుచుకునే మామూలు ఫొటో ఫైళ్లు) పెట్టి ఇచ్చి, రా ఫైళ్లు (కెమెరా తీసింది తీసినట్టుండే, ఎడిట్ చేయనివి) అడిగితే "అవి ఎవరికీ ఇవ్వం బ్రో" అంటున్నాడు. డబ్బులు మావి, పెళ్లి మాది, ఫైళ్లు మాత్రం ఆయనవా? పైగా బావ ఫోన్‌లో చూస్తే అన్నీ మసకగా ఉన్నాయి.

లెన్స్‌బాబాయ్:
నేనూ పెళ్లిళ్లే తీస్తాను, నేనూ ఇవ్వను, తిట్టుకోకండి. మండపంలో గులాబీ రంగు ఎల్ఈడీలు పెడతారు కదా, తలంబ్రాల టైమ్‌కి పెళ్లికూతురి ముఖం వంకాయ రంగులో ఉంటుంది, రాలో తీస్తేనే తర్వాత కూర్చుని దాన్ని మనిషి రంగుకి తేగలం, జేపెగ్‌లో అంత సాగదు. ఆ వంకాయ ముఖాలు చుట్టాల గ్రూపుల్లో తిరిగితే పోయేది నా పేరు. ఇంకోటి, 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు 25-30 ఎంబీ ఉంటుంది, 4,000 క్లిక్కులంటే 100 జీబీ. ఏం చేసుకుంటారు? అదే కెమెరా పూర్తి సైజు జేపెగ్ 20 అంగుళాల ఫ్రేముకి కూడా చక్కగా సరిపోతుంది. అన్నట్టు, బావగారికి ఫొటోలు వాట్సాప్‌లో పంపారా?

ఊరికే_చదువుతా:
బాబాయ్, మీ బాధ సరే గానీ కాపీరైటు చట్టం 1957, సెక్షన్ 17 చూడండి. డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. రా ఫైలు చేతికివ్వాలా వద్దా అన్నది వేరే గొడవ, అది కొటేషన్‌లో ఏం రాసుకున్నారో దాన్నిబట్టి.

లెన్స్‌బాబాయ్:
అందుకే నేను ముందే రాసిస్తాను. రా కావాలంటే విడిగా రేటు, హార్డ్‌డిస్క్ మీది.

గోదారిపిల్ల:
రా మీద పట్టుబట్టే బదులు, ఆల్బమ్‌కి ఎంచని ఫొటోలు కూడా అడిగి తెచ్చుకోండి. మా పెళ్లిలో తాతయ్య ఒక్కరే ఉన్న ఫొటో, కళ్లు మూసుకున్నారని తీసి పక్కన పెట్టారు. ఆయన పోయాక దానికోసం వెళ్తే, డిస్క్ ఎప్పుడో ఖాళీ చేసేశామన్నారు.

కృష్ణాతీరం:
వాట్సాప్‌లోనే వెళ్లాయి బాబాయ్! ఇప్పుడే చూశా, బావ దగ్గరున్నవి 1600 పిక్సెళ్లు, పెన్‌డ్రైవ్‌లోవి 6000×4000. ఈసారి సైజు తగ్గకుండా డాక్యుమెంట్‌గా మళ్లీ పంపుతున్నా. మిగతా జేపెగ్‌ల కోసం రేపే స్టూడియోకి వెళ్తా. ఆ కొటేషన్ కాగితం మాత్రం నాన్న ఎక్కడ పెట్టారో వెతకాలి.