ఆగాన్ లైట్ బోర్డులో తెర మెమరీ మన చేతికి అందుతుందా?

ప్రశ్న:
పైథాన్‌లో కొంతకాలంగా ప్రోగ్రాములు రాస్తున్నాను గాని, రాసినది ప్రాసెసరు దాకా వెళ్ళి ఏమవుతుందో ఆపరేటింగ్ సిస్టమ్ చాటున కనబడకుండా పోతోంది. అందుకే 8 బిట్ల కాలపు పద్ధతిలో ఇటీవల రూపొందిన ఆగాన్ లైట్ బోర్డు మీద ఆసక్తి కలిగింది. స్విచ్ వేయగానే బేసిక్ వస్తుందని, ప్రాసెసరు ఆదేశాలను నేరుగా రాసే అసెంబ్లీ భాష కూడా అందులోనే రాయవచ్చని చదివాను. పాత కంప్యూటర్లలో లాగా తెర మెమరీలోకి నేరుగా బైట్లు రాయడం దీనిలో కుదురుతుందా? బోర్డు కొనకుండా, దాన్ని అనుకరించే ప్రోగ్రాము (ఎమ్యులేటరు)తో సరిపెట్టుకోవచ్చా?

జవాబు 1:
కుదరదండీ. ఈ బోర్డు మీద నిజానికి రెండు కంప్యూటర్లు ఉన్నాయి: 18.432 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఈజెడ్80 ప్రాసెసరు (పాత 8 బిట్ల జెడ్80కి వారసుడు), దాని 512 కిలోబైట్ల ర్యామ్ ఒకవైపు. వీజీఏ చిత్రాన్ని, శబ్దాన్ని, కీబోర్డును చూసుకునే ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలరు మరోవైపు. (పనివాడు యజమాని కంటే ఎన్నో రెట్లు బలవంతుడన్నమాట.) ఈ రెండింటినీ కలిపేది సెకనుకు 11,52,000 బిట్లను ఒకదాని వెంట ఒకటిగా పంపే సీరియల్ లింకు. ఒక బైటుకు 10 బిట్లు పోతాయి కనుక సెకనుకు 1,15,200 బైట్లు దాటతాయి. 320×240 తెరను చుక్కకు ఒక బైటు చొప్పున పంపితే 76,800 బైట్లు అవుతుంది. అంటే సెకనుకు రెండు తెరలైనా పూర్తిగా వెళ్ళవు.

అందువల్ల బొమ్మలను ముందే అటువైపు దింపి ఉంచి, ఆ తర్వాత "ఫలానా స్ప్రైట్‌ను (కదిలే చిన్న బొమ్మను) ఇక్కడికి జరుపు" అనే వీడీయూ ఆదేశాలు, అంటే తెరను నడిపే బైట్ల సంకేతాలు, మాత్రమే పంపాలి. ఒక్కో కదలికకు పదిహేను బైట్ల లోపే సరిపోతాయి. వీడీయూ పద్ధతి 1980ల నాటి బీబీసీ మైక్రో కంప్యూటరు నుంచి వచ్చినదే కాబట్టి ఆ కాలపు పుస్తకాలు ఇప్పటికీ పనికివస్తాయి. అసెంబ్లీ వైపు మాత్రం ఏ చాటూ లేదు. రిజిస్టర్లు, ఇంటరప్టులు అన్నీ మీ చేతిలోనే ఉంటాయి.

జవాబు 2:
పై లెక్కతో ఏకీభవిస్తాను గాని, ప్రశ్న అడిగినవారి అవసరానికి జెడ్80తో నడిచే ఆర్‌సీ2014 అనే కిట్ కంప్యూటరు దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. దానిలో ప్రాసెసరు, ర్యామ్, రోమ్, క్లాకు వేర్వేరు కార్డుల మీద ఉంటాయి, మీరే సోల్డరింగ్ చేసుకోవాలి, 7.3728 మెగాహెర్ట్జ్ జెడ్80 చిరునామా తీగల మీద ఏం పెడుతోందో లాజిక్ ఎనలైజరుతో (తీగల మీది సంకేతాలను చూపే పరికరంతో) చూడవచ్చు. ఎమ్యులేటరులో ఆ అవకాశం ఉండదు. అయితే మామూలు కిట్‌లో తెర ఉండదు, సీరియల్ టెర్మినలే గతి. విడి జెడ్80 చిప్‌లకు జైలాగ్ సంస్థ 2024 జూన్‌తో ఆర్డర్లు ఆపేసిన సంగతి కూడా దృష్టిలో ఉంచుకోండి. ఈజెడ్80కి అది వర్తించదు.

జవాబు 3:
ఒక చిన్న సవరణ. స్విచ్ వేయగానే వచ్చేది మాస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. బేసిక్‌ను అది మైక్రో ఎస్‌డీ కార్డు నుంచి ఎక్కిస్తుంది. కార్డును ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి. ఈ బోర్డుకే మరో రూపమైన ఆగాన్ లైట్ 2 కొంటే కీబోర్డు విషయంలో జాగ్రత్త: సాకెట్ యూఎస్‌బీ ఆకారంలో ఉన్నా లోపల నడిచేది పాత కీబోర్డుల పీఎస్/2 సంకేతం, కాబట్టి యూఎస్‌బీ మాత్రమే తెలిసిన కీబోర్డులు పనిచేయవు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. తీగల స్థాయి కంటే ముందు అసెంబ్లీ నేర్చుకోవాలని ఉంది కనుక ఆగాన్‌తోనే మొదలుపెడతాను. ఈజెడ్80ని పాత జెడ్80 లాగా నడిపే 64 కిలోబైట్ల జెడ్80 మోడ్‌లో అలవాటు పడ్డాక 24 బిట్ల చిరునామాల మోడ్‌కు మారడం మంచిదా, లేక నేరుగా దానితోనే ప్రారంభించాలా?

జవాబు 1:
ముందు జెడ్80 మోడ్‌లోనే రాయండి. 24 బిట్ల మోడ్‌లో స్టాక్ (విలువలను తాత్కాలికంగా దాచే మెమరీ భాగం) మీదికి ఒక్కో పుష్‌కు, అంటే ఒక్కో విలువ పెట్టినప్పుడు, మూడు బైట్లు వెళ్తాయి. రెండు బైట్లనే ఊహించుకుని రాసిన పాత ఉదాహరణలు అక్కడ తప్పు ఫలితాలిస్తాయి.