మాన్‌ఫ్రెడ్, విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ ఇద్దరూ ఒకే టైపు హీరోలేనా?

ఎంఏ ఇంగ్లిష్ సెమినార్ కోసం ఇంగ్లిష్ కవి బైరన్ రాసిన, 1817లో అచ్చయిన మాన్‌ఫ్రెడ్ అనే నాటక కావ్యం చదువుతున్నానండి, అందులో హీరో మాన్‌ఫ్రెడ్ ఆల్ప్స్‌లో కొండ మీంచి దూకబోతుంటే వేటగాడొకడు పట్టుకుని ఆపి తన గుడిసెకి తీసుకెళ్లి వైన్ ఇస్తాడు, ఇతనికేమో ఆ కప్పు అంచున రక్తం కనిపిస్తుంది, ఆ సీన్ నన్ను వదలట్లేదు. అంత చదువున్నా తను ప్రేమించిన, చనిపోయిన ఆస్టార్టీ విషయంలో చేసిన తప్పు లోపల్నించి తినేస్తుంటుంది, అయినా చివర్లో దయ్యాలకీ లొంగడు, మతగురువు మాటా వినడు. 1818లో వచ్చిన మేరీ షెల్లీ నవల ఫ్రాంకెన్‌స్టైన్‌లో విక్టర్ కూడా జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో ఒంటరిగా పనిచేసి, తను తయారుచేసిన ఆకారానికి ప్రాణం పోస్తాడు గానీ, అది కళ్లు తెరవగానే చూసి పారిపోతాడు. మాన్‌ఫ్రెడ్ తన పాపం తనే మోస్తాడు, విక్టర్ మొయ్యడు అని నాకనిపిస్తుంది. మరి విక్టర్‌ని బైరానిక్ హీరో (బైరన్ రచనల్లోలా గర్వంతో, ఒంటరిగా, లోపల ఏదో అపరాధ భావంతో ఉండే హీరో) అనొచ్చా? రెండూ చదివినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.