ఆర్కిటెక్ట్ ఉట్జన్ 1966లో సిడ్నీ ఒపేరా హౌస్ పని మధ్యలో వదిలేయడం న్యాయమేనా?

గోదారిగట్టు:
న్యాయమేననేది నా మాట. 1957లో పోటీకి వచ్చిన 233 డిజైన్లలో నెగ్గేనాటికి యోర్న్ ఉట్జన్ వయసు 38. డెన్మార్క్ దాటితే పెద్దగా ఎవరికీ తెలియదు. డ్రాయింగులు పూర్తవకముందే, 1959లోనే తొందరపెట్టి పని మొదలుపెట్టించింది సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం. తీరా పైకప్పు బరువు తేలాక, కట్టిన స్తంభాలనే పడగొట్టి మళ్లీ కట్టాల్సొచ్చింది. ఆ పాపం ఆయనదా? 1965లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రజాపనుల మంత్రి డేవిస్ హ్యూస్ ఉట్జన్ ఫీజులు ఆపేశాడు. లోపలి హాళ్లకు ప్లైవుడ్ నమూనాలు చేయించి చూస్తానంటే డబ్బివ్వలేదు. సిబ్బందికి జీతాలిచ్చే దారి లేక ఫిబ్రవరి 28న తప్పుకున్నారు. ఇంకేం చేయాలి?

సైట్ ఇంజనీర్:
గోదారిగట్టు గారూ, ఉట్జన్ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. సైట్‌లో ఉన్నవాడికి చేతిలో డ్రాయింగ్ ఉండాలి. తొమ్మిదేళ్లయినా లోపలి హాళ్ల డ్రాయింగులు కొలిక్కి రాలేదు. 70 లక్షల డాలర్ల అంచనా చివరికి 10 కోట్ల 20 లక్షలైంది. 1963లో తెరవాల్సింది 1973లో తెరిచారు. జనం సొమ్ముకి లెక్క అడగడం మంత్రి పని.

సిడ్నీ తెలుగోడు:
ఆ 10 కోట్లలో ఉట్జన్ వెళ్లేనాటికి ఖర్చయింది నాలుగో వంతు లోపే అండీ. మిగతాదంతా ఆయన వెళ్లాక అయిందే. ఆలస్యం అంటున్నారు గానీ, ఆ పైకప్పు కట్టే పద్ధతి అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. అరప్ కంపెనీ ఇంజనీర్లతో కలిసి ఏళ్ల తరబడి కుస్తీ పట్టాక, 1961లో దారి దొరికింది: పైకప్పులోని తెరచాపల్లాంటి భాగాలన్నిటినీ సుమారు 75 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒకే గోళంలోంచి కోసినట్టు గీయడం. వంపు ఒకటే కాబట్టి కాంక్రీటు ముక్కలను అవే అచ్చుల్లో మళ్లీ మళ్లీ పోయొచ్చు. దగ్గరికెళ్లి చూడండి, తెల్లగా కనిపించే పైకప్పు నిజానికి రెండు రకాల పలకలు: మెరిసే తెలుపు, మెరుపు లేని మీగడ రంగు. స్వీడన్‌లో చేయించిన 10 లక్షల పైచిలుకు పలకలవి. అంత ఎండలోనూ కళ్లు చెదరవు. ఇంత శ్రద్ధ ఉన్న మనిషికి డెడ్‌లైన్ పట్టదంటే నేను ఒప్పుకోను.

సైట్ ఇంజనీర్:
పైకప్పు విషయంలో నాకూ పేచీ లేదు. నా బాధ హాళ్ల గురించి. ఆయన వెళ్లాక పెద్ద హాలును కచేరీలకే పరిమితం చేసి, అప్పటికే బిగించిన రంగస్థల యంత్రాలు పీకేశారు. ఒపేరాను చిన్న హాలుకి నెట్టారు. అక్కడ వాద్యబృందం కూర్చునే గుంత ఇరుకు. ఉట్జన్ అక్కడే ఉండుంటే అడ్డుపడేవారు కదా? తిట్లన్నీ ఉట్జన్ స్థానంలో వచ్చిన ఆర్కిటెక్ట్ పీటర్ హాల్ తిన్నాడు. ఉట్జన్‌నే కొనసాగించమన్న వినతిపత్రం మీద సంతకం పెట్టినవాడే ఆయన! 34 ఏళ్ల కుర్రాడి నెత్తిన అంత బరువు పడింది.

గోదారిగట్టు:
పీటర్ హాల్‌కి అన్యాయం జరిగిందన్నది నిజం. కానీ డబ్బు, అధికారం రెండూ మంత్రి చేతిలో ఉన్నప్పుడు ఉట్జన్ ఉండి మాత్రం ఏం ఆపగలరు? ఆయన పని చేతకాక పోలేదు. తర్వాత డెన్మార్క్‌లో బాగ్స్‌వేర్డ్ చర్చి, కువైట్ పార్లమెంటు భవనం పూర్తి చేశారు. 2003లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది. 1999లో సిడ్నీ వాళ్లే మళ్లీ పిలిస్తే, ఆ భవనంలో ఇకపై చేసే మార్పులకు సూత్రాలు రాసిచ్చారు.

సైట్ ఇంజనీర్:
రాసిచ్చారు, సంతోషం. 1966లో వాళ్లు ఆయన్నీ, ఆయన వాళ్లనీ ఇంకో ఏడాది భరించుంటే ఆ ఒపేరా హాలు ఇలా ఉండేది కాదనే నా పట్టు.